తీరమును సమీపించు తుపాను బలమును గుర్తించుట
రైతులకు ఉపయోగపడు వివరణము

1. బంగాళాఖాతములో తుపానులు ముఖ్యముగా రెండు కాలములలో పుట్టుచుండును. మొదటిది ఏప్రిల్, మే నెలలు. రెండవది అక్టోబరు మొదలు డిసెంబరు వరకు గల కాలము. ఈ రెండవ కాలమందే వరి పైరు పొట్టమీదనో, కోతకు సిద్ధముగానో, పనలమీదనో యుండును. సంవత్సరపు కష్టమంతయు పొలములో నున్న ఆ దినములలో తుపాను వార్త వచ్చినప్పుడు రైతు చేయు నిర్ణయము సామాన్యమైనది కాదు. కోయవలెనా, నిలుపవలెనా, పశువులను తోలుకొనిపోవలెనా యను ప్రశ్నలకు కొన్ని గంటలలోనే సమాధానము చెప్పుకొనవలసియుండును.

తుపాను ఏ దారిని వచ్చుననునది నేడు చాలవరకు ముందుగానే తెలియుచున్నది. అది తీరము చేరునాటికి ఎంత బలము గలదై యుండుననునది మాత్రము ఇప్పటికిని కష్టమైన ప్రశ్నయే. ఈ భేదమును రైతులు గ్రహించి, ప్రకటనలను సరిగా వినియోగించుకొనుటకై ఈ పత్రము వ్రాయబడినది.

తుపానునకు బలము వచ్చు విధము

2. సముద్రపు నీరు ఇంచుమించు 26.5 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి వెచ్చగా నున్నచోట నీరు ఆవిరియై పైకి లేచి, మేఘముగా మారునప్పుడు తనలోని వేడిని గాలికిచ్చును. వేడెక్కిన గాలి ఇంకను పైకి పోవును. క్రింద వాయుపీడనము తగ్గును. నలుప్రక్కల గాలి ఆ చోటికి పరుగెత్తును. భూమి తిరుగుటవలన ఆ గాలి తిన్నగా పోక సుడి తిరుగును. మన దేశమున్న ఉత్తరార్ధగోళమందు ఈ సుడి గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు ఎదురుగా నుండును.

3. మూడు అనుకూలములు కలిసినప్పుడు తుపాను శీఘ్రముగా బలపడును. మొదటిది, వెచ్చని నీరు పైపొరయందే గాక లోతువరకు నుండుట. పైపొర మాత్రమే వెచ్చగా నున్నచో అలలు నీటిని కలచగానే చల్లని నీరు పైకి వచ్చి తుపాను బలము తగ్గును. రెండవది, చుట్టునున్న గాలిలో తేమ నిండుగా నుండుట. మూడవది, క్రింది గాలికిని పైగాలికిని వేగమందును దిక్కునందును హెచ్చు భేదము లేకుండుట. ఆ భేదము హెచ్చైనచో సుడి వంగి చెదరిపోవును. గాలివేగము 24 గంటలలో గంటకు 55 కిలోమీటర్లు, లేక అంతకన్న హెచ్చుగా పెరిగినచో శాస్త్రజ్ఞులు దానిని శీఘ్ర బలోపేతమందురు.

ప్రకటనలలోని పేర్లు

4. భారత వాతావరణ శాఖవారు గాలి యొక్క మూడు నిమిషముల సగటు వేగమునుబట్టి ఈ క్రింది పేర్లు వాడుచున్నారు. వేగములన్నియు గంటకు కిలోమీటర్లు.

వాయుగుండము: 31 మొదలు 49 వరకు.
తీవ్ర వాయుగుండము: 50 మొదలు 61 వరకు.
తుపాను: 62 మొదలు 88 వరకు.
తీవ్ర తుపాను: 89 మొదలు 117 వరకు.
అతి తీవ్ర తుపాను: 118 మొదలు 166 వరకు.
అత్యంత తీవ్ర తుపాను: 167 మొదలు 221 వరకు.
సూపర్ సైక్లోన్: 222, అంతకు మించినది.

గాలి వేగము రెట్టింపైనచో దాని తాకిడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. మూడింతలైనచో తొమ్మిది రెట్లగును. 60 కిలోమీటర్ల గాలికి నిలిచిన పాక 120 కిలోమీటర్ల గాలికి నిలువకపోవుటకు కారణమిదే. కావున పేరులో ఒక్క మెట్టు మారినను నష్టములో చాల భేదము కలుగును. రేవులలో ఎగురవేయు 1 మొదలు 11 వరకు గల ప్రమాద సూచికలు ఓడల నిమిత్తమై ఏర్పడినవి. వానిని పై తరగతులతో కలిపి అర్థము చేసికొనరాదు.

కొద్ది కాలములో పెరిగిన తుపానులు

5. 2013వ సంవత్సరము అక్టోబరు 10వ తేది ఉదయమున ఫైలిన్ అను తుపాను గాలివేగము గంటకు 80 కిలోమీటర్లకు కొంచెము హెచ్చు. మరునాటి ఉదయమునకు అది 210 కిలోమీటర్లు దాటెను. ఒక పగలు, ఒక రాత్రి గడచునప్పటికి సామాన్య తుపాను మూడు మెట్లెక్కి అత్యంత తీవ్రమైనదాయెను. 12వ తేది రాత్రి అది ఒడిశాలోని గోపాలపురము సమీపమున తీరము దాటెను. వాతావరణ శాఖవారు దారిని ముందుగానే చెప్పియుండిరి; అధికారులు దాని బలమును తక్కువగా నెంచక పది లక్షలకు పైగా ప్రజలను తరలించిరి. ఆ రాష్ట్రముననే 1999 అక్టోబరు 29న వచ్చిన సూపర్ సైక్లోన్‌లో సుమారు 10,000 మంది మరణించియుండగా, ఫైలిన్‌లో ప్రాణనష్టము కొన్ని పదులకు మించలేదు.

6. 2018 అక్టోబరు 11వ తేది తెల్లవారుజామున శ్రీకాకుళము జిల్లాలో పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను కూడ ముందునాడు శీఘ్రముగా బలపడినదే. ఉద్దానమందలి కొబ్బరి, జీడిమామిడి తోటలు కూలిపోయెను. వరి పోయిన రైతు మరుసటి కారుకు కోలుకొనగలడు. కొబ్బరి చెట్టు పోయిన రైతు క్రొత్త మొక్క కాపునకు వచ్చువరకు ఏండ్ల తరబడి కాచుకొనవలెను. 1996 నవంబరు 6వ తేది రాత్రి కోనసీమను కొట్టిన తుపానులోను ఇట్టి అనుభవమే కలిగెను.

7. ఇతర దేశములందును ఇట్లే జరిగినది. 2023 అక్టోబరు 24వ తేది ఉదయమున మెక్సికో పశ్చిమతీరమునకు సమీపమున ఓటిస్ అను సుడిగాలి సామాన్య తుపానుగానే యుండెను. ఆ రాత్రి గడవకముందే గంటకు సుమారు 260 కిలోమీటర్ల గాలితో అకాపుల్కో పట్టణముమీద పడెను. అంత బలము వచ్చునని ముందునాటి అంచనాలలో లేకుండెను.

ఈ దృష్టాంతములవలన తెలియున దేమనగా, నేటి ప్రకటనలో వాడిన పేరు నేటి బలమునకు గుర్తేగాని రేపటి బలమునకు హామీ కాదు.

శాస్త్రజ్ఞులు కనిపెట్టు విధము

8. సముద్రము నడుమ నున్నంతవరకు తుపానును కృత్రిమ ఉపగ్రహములు కనిపెట్టుచుండును. మేఘముల చుట్ట ఎంత బిగిసినది, నడిమి కన్ను స్పష్టముగా నున్నదా, దాని చుట్టునున్న మేఘములు ఎంత చల్లనివి యను లక్షణములనుబట్టి గాలివేగమును అంచనా వేయుదురు. 1970 ప్రాంతములలో అమెరికా శాస్త్రజ్ఞుడు వెర్నన్ డ్వొరాక్ ఏర్పరచిన పద్ధతి నేటికిని ఇందుకు ఆధారము. మేఘముల క్రింద కొలత పరికరముండుట అరుదు గనుక ఇది అంచనాయే.

9. తీరమునకు కొన్ని వందల కిలోమీటర్ల దూరములోనికి వచ్చిన తరువాత రాడారులు అందుకొనును. మన దేశమున మొదటి తుపాను రాడారు 1970లో విశాఖపట్టణమున నెలకొల్పబడినది. ప్రకటనలు మూడు గంటలకొకసారియు, తీరము దాటు సమయమున గంటగంటకును వెలువడును. ఇటీవలి సంవత్సరములలో 24 గంటలముందు చెప్పిన స్థానమునకును నిజముగా చేరిన స్థానమునకును గల సగటు భేదము 100 కిలోమీటర్లకు లోపుననే యున్నది. ఇది మెచ్చదగినదే, అయినను తీరము దాటుచోటు అని ఒక ఊరి పేరు చెప్పినప్పుడు దానికి ఇరుప్రక్కల నూరేసి కిలోమీటర్లలోనివారందరు తమకే చెప్పినట్లు భావింపవలెను.

రైతు స్వయముగా చేయదగిన లెక్క

10. ప్రతి ప్రకటనలోను తుపాను కేంద్రమునకును తీరమందలి ముఖ్య పట్టణములకును గల దూరము చెప్పబడును. ఆ దూరమును, ప్రకటనలో చెప్పిన గంటను ఒక కాగితముమీద వ్రాసియుంచవలెను. ఉదాహరణకు, ఉదయము 8.30 గంటలకు కేంద్రము మచిలీపట్టణమునకు 600 కిలోమీటర్లు, మధ్యాహ్నము 2.30 గంటలకు 510 కిలోమీటర్లు దూరమున నున్నదనుకొందము. ఆరు గంటలలో 90 కిలోమీటర్లు దగ్గరకు వచ్చినది. అనగా గంటకు 15 కిలోమీటర్లు. మిగిలిన 510 కిలోమీటర్లకు 34 గంటలు పట్టును.

అయితే ఆ 34 గంటలును రైతువి కావు. బలమైన గాలి కేంద్రమునకు 150 కిలోమీటర్లు ముందుగానే రావచ్చును. ఆ దూరము తీసివేయగా 360 కిలోమీటర్లు, అనగా 24 గంటలు మిగిలినవి. అందులో రాత్రిని త్రోసివేసినచో పొలములో పనికి చిక్కునది నేటి సాయంకాలము మూడు గంటలు, రేపటి పగలు ఎనిమిది గంటలు, మొత్తము పదునొకండు గంటలు మాత్రమే. వర్షము గాలికన్న ముందు ప్రారంభమైనచో అదియు తగ్గును. తుపాను నడక మారుచుండును గనుక ప్రతి ప్రకటనకును ఈ లెక్కను తిరిగి వేసికొనవలెను.

11. కాలమును లెక్కించుటకు ప్రకటనలోని దూరమును తీసికొనుడు. బలమును తలచుటకు మాత్రము ప్రకటనలోని పేరుకన్న ఒక మెట్టు పైపేరును తీసికొనుడు. 'తీవ్ర తుపాను' అని చెప్పినచో 'అతి తీవ్ర తుపాను'నకు తగిన ఏర్పాటు చేయుడు. బలము పెరుగకపోయినచో పోవునది కొంత కూలి మాత్రమే. పెరిగినచో దక్కునది ఇల్లు, పశువులు, ప్రాణములు.

గాలి దిక్కునుబట్టి తెలియునది

12. టెలిఫోను, రేడియో పని చేయని వేళ గాలియే వార్తాహరుడు. గాలికి వీపు చూపి నిలిచినచో తుపాను కేంద్రము మీ ఎడమచేతి వైపున నుండును. ఈశాన్యపు గాలి వీచుచున్నచో కేంద్రము ఆగ్నేయమున నున్నదని తెలియవలెను.

తుపాను వాయవ్యముగా మన తూర్పుతీరమునకు వచ్చునప్పుడు, గాలి ఈశాన్యమునుండి తూర్పునకు, పిదప ఆగ్నేయమునకు తిరిగినచో మీరు దాని దారికి ఉత్తరపు వైపున నున్నారు. గాలి సముద్రమును నేలమీదికి నెట్టునది ఈ వైపుననే గనుక ఉప్పెన భయము ఇక్కడ హెచ్చు. గాలి ఉత్తరమునుండి వాయవ్యమునకు, పడమరకు తిరిగినచో మీరు దక్షిణపు వైపున నున్నారు. దిక్కు మారక ఈశాన్యపు గాలియే అంతకంతకు హెచ్చుచున్నచో తుపాను తిన్నగా మీ మీదికే వచ్చుచున్నదని గ్రహింపవలెను.

13. అట్లు వచ్చినచోట కేంద్రము దాటు సమయమున గాలి హఠాత్తుగా నిలిచి, కొంతసేపు ఆకాశము తేటపడినట్లుండును. 2014 అక్టోబరు 12వ తేది హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముమీదుగా దాటినప్పుడు ఇట్లే జరిగెను. తుపాను వెడలినదని తలచి ఆ సమయమున పశువులను చూచుటకు బయలుదేరరాదు. కొద్దిసేపటిలో గాలి ఎదురుదిక్కునుండి మరల అంత బలముతోను వీచును.

చేయవలసిన పనులు

14. (అ) గింజ ముదిరిన వరిని, కోసి కుప్ప వేసి కప్పుటకు పై లెక్క ప్రకారము కాలము చాలినంత మేరకే కోయవలెను. కోసి పనలమీద వదలిన పైరు నీటిలో నాని మొలకెత్తును; నిలిచిన పైరు పడిపోయినను కొంత దక్కును. కాలము చాలనిచో కోయకుండుటయే మేలు.
(ఆ) పచ్చిగా నున్న పైరు గల మడులలో నీటిని తీసివేసి, మురుగు కాలువలను బాగుచేసియుంచవలెను.
(ఇ) పడిపోయి నానిన వెన్నులు మొలకెత్తకుండ, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారి చేయవచ్చును.
(ఈ) పశువులను కట్టివేయక మెరకకు తోలి విడువవలెను. కట్టుత్రాటితో నున్న పశువు నీటిలో ఈదలేదు.
(ఉ) ఉప్పెన నీరు నిలిచిన పొలములలో ఆ నీటిని త్వరగా తీసివేసి, మంచినీరు పెట్టి కడిగి, మరల తీసివేయవలెను.
(ఊ) తరలిపొమ్మని అధికారులు చెప్పినప్పుడు ధాన్యమునకు కాపుగా ఒక్కరైనను వెనుక ఉండరాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించిరి. 1990 మే 9న కృష్ణా ముఖద్వారము సమీపమున వచ్చిన తుపానునకు ముందు లక్షలాది ప్రజలు తరలింపబడుటవలన మరణములు వేయికి లోపుననే నిలిచినవి.

సముద్రమునకు దూరమున నున్న రైతులు

15. నేలమీదికి వచ్చిన తుపాను వెచ్చని నీరు లేక బలము కోల్పోవును. కాని మోసికొనివచ్చిన నీటిని కోల్పోదు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన మూసీ వరద బంగాళాఖాతపు వాయుగుండమువలన వచ్చినదే. ఆ దినములలో మూసీ, ఈసీ నదుల పరీవాహములో 220కి పైగా చెరువులు తెగెను. ఒక చెరువు నీరు దిగువ చెరువుమీద పడి, అదియు తెగి, వరద పెరుగుచు పోయెను.

కావున తీరము దాటినదని వినినంతనే లోపలి జిల్లాల రైతులు నిశ్చింతగా నుండరాదు. తుపాను తీరమునకు రెండు దినముల దూరమున నున్నప్పుడే మత్తడికి అడ్డముగా పెరిగిన చెట్టుచేమలను తీయించి, తూము తలుపులు కదలుచున్నవో లేదో చూచి, కట్టలోని గండ్లను పూడ్పించవలెను. ఎగువ చెరువువారును దిగువ చెరువువారును ఒకరికొకరు వార్త పంపుకొను ఏర్పాటు ముందుగానే యుండవలెను. చేపలు పోవునని మత్తడిమీద అడ్డుకట్టలు వేయుట ఊరికంతకును అపాయకరము.

16. పై సంగతులను గ్రామమందలి చదువురాని రైతులకు చదువువచ్చినవారు చదివి వినిపింపవలెను. తుపాను దినములలో దూరము, గంట వ్రాసిన కాగితమును పంచాయతి చావడి గోడకు అంటించి, ప్రతి ప్రకటనకును క్రొత్త లెక్కను దాని క్రింద చేర్చుచుండవలెను.