పనివారు, పాలివారు, పేరు: వర్తకులు తెలియవలసిన చట్టము

వర్తకమనగా కొనుట, అమ్ముట, లెక్క వ్రాయుట మాత్రమే యని మన విద్యార్థులలో పలువురు తలంతురు. కాని యే వ్యాపారమైనను ముగ్గురి నమ్మకముమీద నిలుచును. పనిచేయువారి నమ్మకము మొదటిది. పెట్టుబడిలో పాలుగలవారి నమ్మకము రెండవది. దుకాణపు పేరు చూచి వచ్చు కొనుగోలుదారుల నమ్మకము మూడవది. వీనిలో నేది చెడినను తగవు న్యాయస్థానమునకు చేరును. మన ధర్మపురి యాత్రికుల రాకపోకలతో బ్రతుకు ఊరు. ఇచ్చటి బాలబాలికలలో ననేకులు రేపు దుకాణములలో పనివారో, పాలివారో, యజమానులో కాగలరు. కావున నీ మూడు విషయములను గూర్చి చట్టమేమి చెప్పుచున్నదో సంగ్రహముగా వివరింపనెంచితిమి.

1. పనివారు

"వీరు నా ఉద్యోగులు కారు, చేసిన పనికి లెక్కగట్టి పైకమిచ్చుచున్నాను, అంతియే" యని కొందరు యజమానులు చెప్పుట కద్దు. ఈ వాదము తెలంగాణ ప్రాంతమునకై 1951లో చేయబడిన దుకాణముల చట్టము క్రిందనే పరీక్షకు వచ్చెను. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ మొదలగు కుట్టుదుకాణములవారు తమ దర్జీలు ఉద్యోగులు కారని వాదించిరి. ఆ దర్జీలకు నెలజీతము లేదు. కుట్టిన బట్టకింత యని కూలి. వచ్చువేళ, పోవువేళ నిర్ణయము లేదు. అయినను 1973లో సుప్రీంకోర్టు వారు ఉద్యోగులేయని తీర్పు చెప్పెను. ఏలయన, కుట్టుమిషనులు దుకాణమువారివి. పని నచ్చనిచో త్రోసిపుచ్చి మరల కుట్టుమను అధికారమును వారిదే.

మన ప్రాంతమున ఇంటి అరుగులమీద తునికాకు కత్తిరించి బీడీలు చుట్టు తల్లులకును ఈ న్యాయమే వర్తించినది. బీడీ కార్మికులకై 1966లో చేయబడిన చట్టము, యజమాని గాని గుత్తదారు గాని ఇచ్చిన ముడిసరుకుతో ఇంటనే బీడీలు చుట్టువారిని సైతము ఉద్యోగులుగా నెంచెను. ఉత్పత్తిదారులు దాని నెదిరింపగా, 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టమును నిలిపెను. వారికి భవిష్యనిధి చెల్లింపవలెనని 1985లో మరియొక తీర్పు వచ్చెను. ఆ 1966 నాటి చట్టమును 2020లో పార్లమెంటు చేసిన కార్మిక స్మృతులలో చేర్చిరి. కనుక యజమాని పనివారికే పేరు పెట్టినను చట్టము దానిని లెక్కింపదు. పని యెట్లు జరుగుచున్నదో దానినే చూచును.

2. పాలివారు

మన యూళ్లలో బావమరదులు, పినతండ్రి బిడ్డలు, బాల్యమిత్రులు కలిసి దుకాణము పెట్టుట సాధారణము. "మనలో మనకు కాగితమెందుకు?" అందురు. కాగితము లేనిచోట 1932 నాటి భాగస్వామ్య చట్టమే వారి ఒడంబడిక యగును. ఒకడు 4 లక్షల రూపాయలును, మరియొకడు 1 లక్షయు పెట్టి, లాభములో నెవరి పాలెంతయో నిర్ణయించుకొనలేదనుకొందము. అప్పుడు లాభము చెరిసగము, నష్టమును చెరిసగమే. సంస్థ చేసిన అప్పునకు ప్రతి పాలివాడును పూర్తిగా బాధ్యుడు. అప్పిచ్చినవాడు మొత్తము నొక్కనినుండియే రాబట్టవచ్చును.

సంస్థను రిజిస్టరు చేయించి తీరవలెనని చట్టము నిర్బంధింపదు. కాని రిజిస్టరు కాని సంస్థ, ఒప్పందముప్రకారము తనకు రావలసిన బాకీకై పరులమీద దావా వేయజాలదు. 100 రూపాయలకు మించని దావాలకు మాత్రము మినహాయింపు కలదు. ఎదుటివారు మాత్రము ఆ సంస్థమీద దావా వేయవచ్చును! గడువు నిర్ణయింపని భాగస్వామ్యమును, అందొకడు వ్రాతమూలముగా నోటీసిచ్చి రద్దుచేయవచ్చును.

3. పేరు

దుకాణములోని సరుకు ఒక వత్సరములో నమ్ముడుపోవును. మంచి పేరు తరములు నిలుచును. మంగళూరు గణేశ్ బీడీ వర్క్స్ అను సంస్థ భాగస్వామ్యముగా నేర్పడెను. పాలివారిలో భేదములు పుట్టి 1987లో అది రద్దయ్యెను. పిమ్మట కర్ణాటక హైకోర్టు ఆజ్ఞచే, నడచుచున్న వ్యాపారమును నడచుచున్నట్లే పాలివారిలోనే వేలమువేసిరి. 30 కోట్ల రూపాయలు కనీసపు ధరగా నుంచగా, 1994లో 92 కోట్లకు పాట నిలిచెను. ఆ వ్యాపారచిహ్నములు యంత్రములవలెనే వ్యాపార సాధనములని, ఆదాయపు పన్ను లెక్కలో వానికి తరుగుదల చెల్లునని 2015లో సుప్రీంకోర్టు తీర్మానించెను. ఆకును పొగాకును ఎవరైన కొనగలరు. బీడీకట్టమీది ముద్రను కొనుట యంత సులభము కాదు.

పుణ్యక్షేత్రమున దుకాణములకు దేవతల పేర్లు, పవిత్రగ్రంథముల పేర్లు పెట్టుట వాడుక. కాని అట్టి పేరు నొకడు తన సొత్తు చేసికొనుట సులభము కాదు. అగరువత్తులకు "రామాయణ్" అను పేరును ఒక్కనికే యియ్యరాదని 2015లోనే సుప్రీంకోర్టు చెప్పెను.

ఒక్కని సొత్తు గాక ఊరందరి సొత్తయిన పేరును కలదు. కరీంనగరు వెండితీగల నగిషీకి 2007లో భౌగోళిక గుర్తింపు లభించెను. అట్టి గుర్తింపును అమ్ముటకు గాని, తాకట్టు పెట్టుటకు గాని 1999 నాటి చట్టము ఒప్పుకొనదు. అది ఆ పనివారి చేతి నేర్పునకు దక్కిన హక్కు.

ముగింపు

బంధువులమధ్య పత్రము వ్రాయుట అపనమ్మకమని తలంచువారు యిర్మీయా గ్రంథము 32వ అధ్యాయము చదువవలెను. ప్రవక్త తన పినతండ్రి కుమారుడైన హనమేలు వద్ద అనాతోతులోని పొలమును కొనెను. యెరూషలేము ముట్టడిలో నుండెను, తాను బంధింపబడియుండెను, అమ్మువాడు రక్తబంధువు. అయినను క్రయపత్రము వ్రాసి, ముద్రవేసి, సాక్షులను పిలిచి, వెండిని తూచి యిచ్చి, చిరకాలము నిలుచునట్లు ఆ పత్రములను మట్టికుండలో దాచించెను. అన్నదమ్ములు తరువాత తగవులాడకుండుటకు స్నేహముగా నున్నప్పుడే వ్రాసికొనుట మేలు.

విద్యార్థులారా, మీరు పనిలో చేరినప్పుడు చేసిన పనికి లెక్కచీటి అడిగి పుచ్చుకొనుడు. పాలు కలిసినప్పుడు పత్రము వ్రాసి రిజిస్టరు చేయింపుడు. దుకాణము తెరచినప్పుడు పరుల పేరు నాశ్రయింపక మీ పేరు మీరే సంపాదించుకొనుడు. యజమానులైననాడు మీ పనివారి కూలిని వేళకు చెల్లింపుడు.