పోటీ పరీక్షల ప్రత్యేకం: బ్రికెండన్, వూల్మర్స్ ఎస్టేట్లు

ఆస్ట్రేలియాలోని టాస్మేనియా ద్వీపంలో, లాంగ్‌ఫర్డ్ సమీపాన ఉన్న పక్కపక్క వ్యవసాయ క్షేత్రాలివి. వలసకాలంలో ఆర్చర్ కుటుంబం స్థాపించింది. వూల్మర్స్ థామస్ ఆర్చర్‌ది, బ్రికెండన్ ఆయన సోదరుడు విలియమ్‌ది. బ్రిటన్ నుంచి శిక్షపడి వచ్చిన ఖైదీలను భూస్వాములకు కూలీలుగా అప్పగించే ‘అసైన్‌మెంట్’ విధానానికి ఇవి సాక్ష్యాలు. జీతం లేదు, తిండీ బట్టా నీడా మాత్రమే.

అసలు విశేషం బంగళాల్లో కాదు, పనికొట్టాల్లో ఉంది. గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్డు, కమ్మరి కొలిమి, ప్రార్థనామందిరం నేటికీ నిలిచే ఉన్నాయి. బ్రికెండన్‌లో గాదెను ఎలుకలు ఎక్కకుండా స్తంభాలపై కట్టారు.

2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన 11 ‘ఆస్ట్రేలియన్ కన్విక్ట్ సైట్స్’లో ఈ జంట ఒకటి. పోర్ట్ ఆర్థర్, ఫ్రీమాంటిల్ జైలు కూడా అందులోవే. జతపరచమనే ప్రశ్నల్లో తికమకపడేది ఇక్కడే: బ్రికెండన్, వూల్మర్స్ జైళ్లు కావు, పొలాలు. టాస్మేనియా పాత పేరు వాన్ డీమెన్స్ ల్యాండ్, 1856లో మారింది.