చేతితో మూడేళ్ళు, కంప్యూటరుతో ఇరవై ఏళ్ళు
(ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న విద్యార్థినీ విద్యార్థులకు, తల్లిదండ్రులకు)

మన ట్రస్టు ఉపకార వేతనం పొందుతున్న పిల్లల్లో బి.ఎడ్., డి.ఎడ్. చదువుతున్నవారు కొందరున్నారు. తరగతి గదిలో కంప్యూటరు, ప్రొజెక్టరు, సెల్‌ఫోను ఎంతవరకు వాడాలి అనే ప్రశ్న రేపు వారికి తప్పకుండా ఎదురవుతుంది. నేను ఉపాధ్యాయుణ్ణి కాను, బ్యాంకు గుమాస్తాగా పదవీ విరమణ చేసినవాణ్ణి. అయినా ఈ విషయం మీద మా ఇంట్లో జరిగిన చర్చ పదిమందికి పనికివస్తుందని రాస్తున్నాను.

మా అన్నయ్య మనవరాలు బళ్ళారిలో బి.ఎడ్. చదువుతోంది. టీచింగ్ ప్రాక్టీసులో ఎనిమిదో తరగతి పిల్లలకు చక్రవడ్డీ పాఠం చెప్పింది. రెండు రాత్రులు మేలుకుని ఇరవై నాలుగు స్లైడ్లు తయారుచేసింది. పిల్లలు కళ్ళప్పగించి చూశారట. చివరలో, పాఠం పరిశీలించడానికి వచ్చిన మేడమ్ బోర్డు మీద చిన్న లెక్క ఒకటి వేస్తే, ముప్ఫై ఇద్దరిలో నలుగురే చేశారు. ఆ సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసి, "తాతయ్యా, నేను టీచరుగా పనికిరానేమో. అసలు కంప్యూటరు జోలికే పోకుండా ఉండాల్సింది" అంది.

ఆ రెండు మాటలూ సరికావని చెప్పాను. కారణం మా బ్యాంకు అనుభవమే.

లెడ్జరు నేర్పిన పాఠం

బ్యాంకుల కంప్యూటరీకరణ మీద రంగరాజన్ కమిటీ 1984లో నివేదిక ఇచ్చింది. ఆ తరువాత శాఖల్లోకి లెడ్జరు పోస్టింగు యంత్రాలు వచ్చాయి. మేము మొదట భయపడ్డాం, తరువాత అలవాటు పడ్డాం. ఆ కొత్తలో ఒక అర్ధసంవత్సరం వడ్డీ లెక్కలు చక్కగా అచ్చయి వచ్చాయి. అందరం సంతోషించాం. మా సీనియర్ గుమాస్తాగారు మాత్రం ఒక ఖాతా తీసుకుని పెన్సిలుతో లెక్క వేశారు. తేడా వచ్చింది. ఒక రకం డిపాజిట్లకు కొత్త వడ్డీరేటు యంత్రంలో ఎక్కించనేలేదు. ఆయన చూడకపోతే ఎంతోమంది ఖాతాదారులకు తక్కువ వడ్డీ జమయ్యేది.

యంత్రం కూడికలో పొరపాటు చేయలేదు. మేము ఇచ్చిన తప్పు రేటుతో తప్పు లేకుండా లెక్క కట్టింది. చేతితో లెక్క వేయడం తెలిసినవారికే ఆ తప్పు కనబడింది. తరగతి గదికీ ఇదే వర్తిస్తుంది. లెక్క వేయడం రాని పిల్లవాడి ముందు ఎంత మంచి తెర పెట్టినా, అందులో ఒప్పేదో తప్పేదో వాడికి తెలియదు.

పరికరాలు మారాయి, ప్రశ్న మారలేదు

బడికి సాంకేతికత రావడం నిన్న మొన్నటి సంగతి కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు 'సైట్' అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందించింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా గ్రామాలు కూడా వాటిలో ఉన్నాయి. ప్రసారాలు తెలుగులో, కన్నడంలో, ఒరియాలో, హిందీలో జరిగాయి. 2004 సెప్టెంబరు 20న విద్య కోసమే ఉద్దేశించిన 'ఎడ్యుశాట్' ఉపగ్రహాన్ని శ్రీహరికోట నుండి ప్రయోగించారు. 2010లో దాని సేవ ముగిసింది. 2017లో కేంద్ర ప్రభుత్వం 'దీక్షా' వేదికను ప్రారంభించింది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే పాఠం తెరమీదికి వస్తుంది.

ఈ పరికరాలన్నీ పాఠాన్ని దూరం నుండి మోసుకువచ్చి పిల్లవాడి ముందు పెట్టాయి. అర్థమైందా లేదా అని వాడి ముఖం చూసి అడగవలసినవారు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఎదురుగా ఉన్న ఉపాధ్యాయులే.

బి.ఎడ్. విద్యార్థులు తెలుసుకోవలసిన ఒక ఆలోచన ఉంది. పుణ్య మిశ్రా, మాథ్యూ కోలర్ అనే ఇద్దరు ఆచార్యులు 2006లో ప్రచురించిన వ్యాసంలో, ఉపాధ్యాయునికి విషయ జ్ఞానం, బోధనా జ్ఞానం, సాంకేతిక జ్ఞానం అనే మూడూ విడివిడిగా ఉంటే చాలదని, అవి ఒకదానితో ఒకటి కలవాలని వివరించారు. మా మనవరాలికి చక్రవడ్డీ తెలుసు, స్లైడ్లు చేయడమూ తెలుసు. చక్రవడ్డీలో పిల్లవాడు ఎక్కడ తడబడతాడో, అక్కడ కంప్యూటరు ఏ విధంగా సాయపడుతుందో ఆమె ఆలోచించలేదు. లోపం అక్కడే ఉంది.

పాఠాన్ని తిరిగి తయారుచేశాం

ఇద్దరం ఫోనులోనే కొత్త పాఠ్యప్రణాళిక రాసుకున్నాం. మీరూ చేసి చూడవచ్చు.

1. మొదటి పదిహేను నిమిషాలు తెర వద్దు. పిల్లలు నోటు పుస్తకంలో రూ.10,000కు ఏడాదికి 8 శాతం చొప్పున మూడేళ్ళ చక్రవడ్డీ వేయాలి. మొదటి ఏడు వడ్డీ రూ.800. రెండో ఏడు అసలు రూ.10,800 అయింది కాబట్టి వడ్డీ రూ.864. మూడో ఏడు రూ.933.12. మొత్తం రూ.12,597.12. అదే సాధారణ వడ్డీ అయితే రూ.12,400. తేడా రూ.197.12. వడ్డీకి వడ్డీ అంటే ఏమిటో పిల్లవాడికి ఇక్కడే తెలుస్తుంది.

2. తరువాత ఊహించమనాలి. ఇరవై ఏళ్ళకు ఈ తేడా ఎంత అవుతుంది? ఎవరికి తోచింది వారు బోర్డు మీద రాయాలి.

3. అప్పుడు కంప్యూటరు తెరవాలి. స్ప్రెడ్‌షీటులో మొదటి మూడు వరుసలు తాము చేతితో వేసిన అంకెలతో సరిపోయాయో లేదో పిల్లలే చూడాలి. సరిపోయాక ఇరవై వరుసలకు లాగాలి. చక్రవడ్డీతో రూ.46,609.57, సాధారణ వడ్డీతో రూ.26,000. తేడా ఇరవై వేలు దాటింది.

4. చివరి ప్రశ్న. రేటు సగానికి, అంటే 4 శాతానికి తగ్గితే, ఇరవై ఏళ్ళ వడ్డీ కూడా సగమవుతుందా? కాదు. రూ.36,609.57 ఉన్న వడ్డీ రూ.11,911.23కు, అంటే మూడో వంతు కంటే తక్కువకు పడిపోతుంది. ఎందుకో పిల్లలు తమ మాటల్లో చెప్పాలి.

ఇరవై ఏళ్ళ లెక్క చేతితో వేయిస్తే పీరియడ్ అంతా గుణకారాలకే పోతుంది. మూడేళ్ళ లెక్క కూడా కంప్యూటరుకే వదిలేస్తే పిల్లవాడికి ఏమీ మిగలదు. అర్థం చేసుకునే పని పిల్లవాడిది, అలుపు తెప్పించే పని యంత్రానిది. ఏ సబ్జెక్టులోనైనా ఈ గీత ఎక్కడ గీయాలో నిర్ణయించేది ఉపాధ్యాయుడే.

ఇప్పుడు కృత్రిమ మేధ ప్రశ్న అడగగానే సమాధానం రాసి ఇస్తోంది. దానికీ ఇదే పద్ధతి. ముందు పిల్లవాడు సొంతంగా రాయాలి, తరువాత యంత్రం ఇచ్చిన సమాధానంలో తప్పులు వెదకాలి.

తల్లిదండ్రులకు రెండు మాటలు

ట్యాబ్ కొనిస్తే చదువు వచ్చినట్టే అనుకోకండి. కొనలేకపోయామని కుంగిపోనూ వద్దు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనైనా చాలు. పిల్లవాడు వీడియో చూశాక ఫోను పక్కన పెట్టించి, "ఏం చెప్పారో నాకు చెప్పు నాన్నా" అని అడగండి. మీకు ఆ సబ్జెక్టు రాకపోయినా ఫరవాలేదు. చెప్పలేకపోతే మళ్ళీ చూస్తాడు.

మనవంటి కుటుంబాలకు ఇంకో సౌకర్యం ఉంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో చదువుతారు. దీక్షాలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పాఠాలు కూడా ఉన్నాయి. బడిలో కొరుకుడు పడని అంశం తెలుగులో దొరికితే ఒకసారి విననివ్వండి.

మా మనవరాలు కొత్త పద్ధతిలో పాఠం మళ్ళీ చెప్పింది. మూడో అంశం మధ్యలో కరెంటు పోయింది. అయినా పాఠం ఆగలేదు. మూడేళ్ళ లెక్క అప్పటికే నోటు పుస్తకాల్లో ఉంది కాబట్టి నాలుగో ఏడు బోర్డు మీద వేశారు. ఈసారి ఇరవై ఒక్కమంది లెక్క సరిగా చేశారు. మిగిలిన పదకొండు మందికి మరునాడు మళ్ళీ చెప్పింది.

గంట కొట్టాక వెనుక బెంచీ అమ్మాయి ఒకతె దగ్గరికి వచ్చి తెలుగులో, "అక్కా, మా నాన్న తీసుకున్న అప్పు కూడా ఇలాగే పెరుగుతుందా?" అని అడిగిందట. వడ్డీ కట్టకుండా దాన్ని అసలులో కలుపుతూ పోతే ఇలాగే పెరుగుతుందని చెప్పి, ఆ అప్పు లెక్కే ఆ పిల్ల చేత కాగితం మీద వేయించింది.

ఆ రాత్రి ఫోను చేసినప్పుడు టీచరుగా పనికిరానేమో అన్న మాట ఎత్తలేదు. తరువాతి పాఠం లాభనష్టాలు, దానికి ప్రణాళిక ఎలా రాయాలని అడిగింది. ఉపాధ్యాయులు కాబోతున్న మన పిల్లలందరికీ నా శుభాశీస్సులు.