చేసినవారు పోయినను నిలిచిన యంత్రము

ఈ యేడు తరగతిలో ఆవిరియంత్రమును గూర్చి పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి మమ్ము ఇట్లడిగెను: "మాస్టరుగారూ, మా తోటలోని ఆయిలింజను చెడినది. దానిని చేసిన కంపెనీ మూతపడినదట. సామానులు దొరకవని మా నాయనగారు దానిని పాత ఇనుము క్రింద అమ్మదలచినారు. చేసినవారే లేనప్పుడు యంత్రమును బాగుచేయువారెవరు?" నీరందక వాడుచున్న మిరపతోట గల యింటి బాలుడు అడిగిన ప్రశ్న గనుక, దానిని రెండు మాటలతో దాటవేయుటకు మాకు మనసొప్పలేదు. దానికి ప్రత్యుత్తరముగా ఒక కంపెనీ చరిత్రమును, అది చేసిన యంత్రములలో మిగిలిన కొన్నింటి కథను ఇచ్చట వ్రాయుచున్నాము.

ఇంగ్లండు దేశమున లీడ్సు అను పట్టణము గలదు. అచ్చట 1807వ సంవత్సరమున జన్మించిన జేమ్సు కిట్సను, పనివారి కొరకు ఏర్పడిన విద్యాసంఘములో చదువుకొని, 1835లో ఒక భాగస్వామితో కలిసి రైలు యంత్రముల కార్ఖానాను స్థాపించెను. ఆ కార్ఖానా నూరేండ్లకు పైగా నిలిచి, సుమారు 5,400 యంత్రములను చేసి, దేశదేశములకు పంపి, 1938లో మూతపడినది. కొలిమి చల్లారెను, పనివారు చెదరిపోయిరి.

అయినను దాని యంత్రములన్నియు దానితో పోలేదు. 1838లో లివర్‌పూల్–మాంచెస్టరు రైల్వే కొరకు ఆ కార్ఖానావారు చేసిన 'లయన్' అను యంత్రమును 1859లో లివర్‌పూల్ ఓడరేవువారు కొని, నీళ్లు తోడు పంపును త్రిప్పుటకు నియోగించిరి. 1928 వరకు అది ఆ పనియే చేసెను. పట్టాలమీద తిరిగిన తోటి యంత్రములు కరగిపోగా, మూలనుండి నీళ్లు తోడిన యంత్రము బ్రతికి, నేడు లివర్‌పూల్ మ్యూజియములో నున్నది.

రెండవ కథ మన దేశపుది. 1855లో ఆ కార్ఖానావారు చేసిన రెండు యంత్రములు కలకత్తాకు వచ్చినవి. ఈస్టిండియా రైల్వేవారు వాటికి 21, 22 అను సంఖ్యలనిచ్చిరి. 22వ దానికే తరువాత 'ఫెయిరీ క్వీన్' అను పేరు కలిగెను. దాని బరువు 26 టన్నులు. పూర్వము దొనకొండ స్టేషనులో మన పెద్దలు చూచిన పొగబండి యంత్రమువలెనే ఇదియు పనిచేయును. పొయ్యిలోని వేడిగాలి గొట్టముల గుండా పోయి బాయిలరులోని నీటిని మరిగించును. అందు పుట్టిన ఆవిరి సిలిండరులోనికి పోయి పిస్టనును ముందునకు వెనుకకు నెట్టును. పిస్టను కడ్డీ చక్రమును త్రిప్పును.

1909లో దానికి విశ్రాంతినిచ్చి, 1943 వరకు హౌరా స్టేషను వెలుపల దిమ్మెమీద నిలిపియుంచిరి. పిమ్మట అది చందౌసీలోని రైల్వే శిక్షణాలయమునకును, అచ్చటినుండి ఢిల్లీ రైలు మ్యూజియమునకును చేరెను. 1997లో దానిని మరల సిద్ధపరచి ఢిల్లీనుండి ఆల్వారునకు నడిపిరి. 88 ఏండ్లు ఊరకున్న యంత్రము పెట్టెలను లాగెను! నడచుచున్న ఆవిరి రైలు యంత్రములలో అతి ప్రాచీనమైనదిగా 1998లో గిన్నిస్ గ్రంథమున దాని పేరు చేరెను. తరువాత దొంగలు దాని ముఖ్యభాగములను ఊడదీసికొని పోయిరి. అప్పుడు దానిని చెన్నపట్టణమందలి పెరంబూరు లోకో కార్ఖానాకు పంపిరి. 1856లో మద్రాసు రైల్వేవారు స్థాపించిన ఆ కార్ఖానాలోని పనివారు, లీడ్సులో అడుగవలసిన వారెవరును లేకున్నను, పోయిన భాగములను తామే చేసి అమర్చిరి. 2017 ఫిబ్రవరిలో అది తిరిగి ప్రయాణికులతో పరుగెత్తెను. దాని తోడైన 21వ యంత్రమును సైతము 2010లో పెరంబూరువారే నడిపించిరి.

విద్యార్థులారా, ఆ బాలుని ప్రశ్నకు ఇదియే మా ప్రత్యుత్తరము. యంత్రమును చేసినవాడు దానికి జన్మమిచ్చును. దానిని విప్పి, చూచి, కొలిచి, మరల బిగింప నేర్చినవాడు దానికి ఆయుష్షునిచ్చును. ఈ రెండవ పనికి లీడ్సు పోనక్కరలేదు.

అరిగిన భాగమేదో చూచి కొలతలతో గీసికొని రమ్మని మేము ఆ బాలునితో చెప్పితిమి. అరిగినది ఒక బుష్షు. రెండుమారులు కొలతలు తప్పినవి, మూడవమారు సరిపోయినవి. ఆ బొమ్మను లేతు పనివాడొకడు చూచి, "ఇది చేయవచ్చును" అనెను. తండ్రిగారు ఇంజను అమ్మకమును ఆపియుంచినారు.

తలిదండ్రులకు మా మనవి యొక్కటే. చేతికి నూనె మరకలంటుట చదువునకు తక్కువయని మీ బిడ్డలకు చెప్పకుడు. ఇంటిలో పాడైన వస్తువును పారవేయుటకు ముందు ఒకమారు వారిచేత విప్పించి చూడుడు.