అట్టతో సీడీ కవర్లు – మన పాటకు పేరు



మన ఊళ్లల్లో కొన్ని ఇళ్లల్లో పాత డీవీడీ ప్లేయర్లు ఇంకా ఉన్నాయి. సెల్లు సిగ్నల్ రాని చోట పెద్దోళ్ల పాట వినాలంటే సీడీ పనికొస్తది. ఒక సీడీలో 80 నిమిషాల పాటలు పడతాయి. కవరు లేకపోతే దానికి గీతలు పడతాయి. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. ఎవరు పాడారో రాసి లేకపోతే కొన్నాళ్లకు ఆ పాట ఎవరిదో ఎవరికీ తెలవదు.

ప్రెస్సులో 20 వేసినా 1000 వేసినా ప్లేటు ఖర్చు ఒకటే. అందుకే 20 కవర్లకు ఒక్కోదాని ధర ఎక్కువ పడద్ది. కొన్నే కావాలంటే మనమే చేసుకోవచ్చు.

కావలసినవి: 22×28 అంగుళాల అట్ట షీట్లు, స్కేలు, పెన్సిలు, కత్తెర, ఇంకు అయిపోయిన రీఫిల్లు, మైదా జిగురు, పెద్ద రబ్బరు, బ్లేడు, స్టాంపు ప్యాడు.

కొలతలు: సీడీ అడ్డం 12 సెం.మీ. కవరు 12.5 సెం.మీ. ఉండాలి. 25 సెం.మీ. పొడవు, 12.5 సెం.మీ. వెడల్పు గీసి మధ్యలో మడత గీత పెట్టాలి. ఒక సగానికి కుడి ఎడమల 1.5 సెం.మీ. రెక్కలు వదలాలి. ఇట్లా ఒక షీటుకు 8 కవర్లు వస్తాయి. 20 కవర్లకు 3 షీట్లు చాలు.

అచ్చు వేయడం: మడవక ముందే అచ్చు వేయాలి. "రేల" అని పలచని కాగితం మీద పెన్సిలుతో ఒత్తి రాసి, కాగితాన్ని తిరగేసి రబ్బరు మీద పెట్టి రుద్దాలి. అక్షరాలు తిరగబడి పడతాయి. చుట్టూ ఉన్నది బ్లేడుతో తీసేస్తే అక్షరాలు పైకి నిలుస్తాయి. (బ్లేడు పని పెద్దక్కల దగ్గర కూర్చొని చేయాలి.) బంగాళదుంపతో కూడా చేయొచ్చు గాని మర్నాటికి ముడుచుకుపోద్ది. బల్ల మీద రెండు స్కేళ్లు మూలమట్టంగా టేపుతో అంటించి, అట్ట మూలను అందులో ఆనిస్తే అన్నిటికీ అచ్చు ఒకే చోట పడద్ది. వెనక సగం మీద రాత తలకిందులుగా రాయాలి. మడిచినాక సరిగ్గా వస్తది.

మడత: గీత మీద స్కేలు పెట్టి రీఫిల్లుతో గట్టిగా గీయాలి. అప్పుడు అట్ట పగలకుండా మడతపడద్ది. రెక్కలను లోపలికి మడిచి, వాటి మీద జిగురు పలచగా రాసి రెండో సగం అంటించాలి. జిగురు ఎక్కువైతే అట్ట ఉబ్బుద్ది. పుస్తకాల కింద ఒక రాత్రి పెట్టి, బాగా ఆరినాకే సీడీ పెట్టాలి.

జాగ్రత్తలు: సీడీకి మెరిసే వైపు ఒక్కటే ముఖ్యం అనుకుంటాం. కాని పాట ఉండే పొర పేరు రాసే వైపుకే దగ్గరగా ఉంటది. అక్కడ బాల్ పెన్నుతో రాస్తే పాట చెడిపోద్ది. మెత్తని మార్కరుతోనే రాయాలి. తుడిచేటప్పుడు గుండ్రంగా కాకుండా మధ్య నుంచి అంచుకు తుడవాలి. ఎండలో పెట్టకూడదు.

ఏం రాయాలి: పాడినవారి పేరు, ఊరు, భాష, తేదీ, ఏ సందర్భంలో పాడతారో. మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య గారు మన వీరుల కథలను కోయలో, తెలుగులో పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో చనిపోయారు. ఆయన పేరు దేశానికి తెలిసింది. మన ఊళ్లల్లో పాడే అవ్వల పేర్లు మనం రాయకపోతే ఎవరు రాస్తారు? జానపదం అని ఒక్క మాట రాసి ఊరుకోవద్దు. ముందు వాళ్లను అడగాలి. పూజలోనే పాడే పాట, పెద్దలు వద్దన్న పాట సీడీలో పెట్టకూడదు.

వార్డెన్ మేడమ్ గారికి విన్నపం: నోటు పుస్తకాల కట్టలతో వచ్చే పలచని అట్టలు పారేయకుండా మాకు ఇప్పించగలరు.

మొదటి సీడీ పాడినవారికే ఇవ్వాలి. చదవడం రాకపోతే కవరు మీద వాళ్ల పేరు మనం చదివి వినిపించాలి.

– 9వ తరగతి విద్యార్థిని