రబ్బరు కవచం మడిస్తే ఏమవుతుంది?

మా నాన్నగారి ఎక్స్‌రే కోసం విద్యానగర్‌లో ఒక చిన్న క్లినిక్‌కు వెళ్ళాను. అక్కడ సీసపు ఏప్రాన్ నాలుగు మడతలతో కుర్చీ మీద పడి ఉంది. పసిపిల్లను పట్టుకు నిలబడే తల్లికి తొడిగేది దాన్నేనట. "ఎందుకన్నా మడిచారు?" అంటే, "తగిలించే మేకు ఊడి ఏడాదయింది తమ్ముడూ" అన్నాడు ఎక్స్‌రే తీసే అతను.

అందులో ఉన్నది సీసపు రేకు కాదండీ, రబ్బరులో కలిపిన సీసపు పొడి. కిరణాలను మింగేది సీసం, ఒంటిమీద వంగేది రబ్బరు. పొడి పెంచితే రక్షణ పెరుగును. కాని మితి మీరితే రబ్బరు సాగే గుణం పోయి మడతల దగ్గర పగుళ్ళిస్తుంది. పైగుడ్డ చాటున అవి కంటికి ఆనవు. ఏప్రాన్‌కే ఎక్స్‌రే తీసి చూడాలి!

కలిపే పొడిని బట్టి గుణం మారుతుంది. రబ్బరు విద్యుద్బంధకం గదా! కార్బన్ బ్లాక్ కొద్దికొద్దిగా కలుపుతూ పోతే మొదట పెద్ద మార్పుండదు. రేణువులు ఒకదానికొకటి అంది దారి ఏర్పడగానే నిరోధం ఒక్కసారిగా లక్షల రెట్లు పడిపోతుంది.

0.5 మిల్లీమీటర్ల సీసంతో సమానమైన ఏప్రాన్, గదిలో చెదిరే ఎక్స్ కిరణాల్లో నూటికి 90కి పైగా ఆపుతుంది. కోబాల్ట్-60 గామా కిరణాలను సగం చేయడానికే దాదాపు 12 మిల్లీమీటర్ల సీసం కావాలి. అక్కడ ఈ ఏప్రాన్ ఉత్త బరువే.

మర్నాడు గట్టి మేకులు, లావుపాటి కొయ్య పట్టుకెళ్ళి ఇచ్చాను. తగిలించాడు. ఏప్రాన్‌కు ఎక్స్‌రే మాత్రం ఇంకా తీయలేదు.