ఒంటి బరువు, ఇంటి బరువు

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, మియాపూర్, తెల్లాపూర్‌ల నుంచి ఈమధ్య వస్తున్న ఉత్తరాల్లో చాలావరకు ఒంటి బరువు గురించే. వాటిలో నాలుగింటికి ఈసారి జవాబులు. పేర్లు వేయొద్దన్నారు కనుక ఉంటున్న చోటు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మైండ్‌స్పేస్‌లో ఒక కంపెనీలో టీమ్ లీడ్‌ని. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు 76 కిలోలు. కంపెనీ ఏటా చేయించే చెకప్‌లో ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అని వచ్చింది. మందు ముట్టని నాకు ఇదెందుకు వచ్చిందో తెలియదు. అయిదున్నరకు లేస్తే పిల్లలిద్దరి బాక్సులు, మావారి బాక్సు, అత్తయ్యగారికి ఉప్పూకారం తగ్గించి వేరే కూర. ఏడుంబావుకి స్కూల్ బస్సు. టిఫిన్ అంటూ ఉండదు, పిల్లలు వదిలేసిన దోసె ముక్కలే. ఇల్లు చేరేసరికి రాత్రి ఏడున్నర. హోంవర్క్‌లయ్యాక తొమ్మిది నుంచి పదిన్నర దాకా అమెరికా కాల్. ఆ తర్వాతే నా భోజనం. జిమ్‌కు ఏడాది డబ్బు కట్టి మూడు వారాలు వెళ్లాను. అన్నం మానేసి రెండు కిలోలు తగ్గి, మళ్లీ మూడు పెరిగాను. నాకు పట్టుదల లేదని ఇంట్లో అంటున్నారు.
— పాఠకురాలు, కొండాపూర్

జవాబు: అమ్మా, తెల్లారకముందే లేచి రాత్రి పదిన్నర దాకా అందరి అవసరాలూ చూసే మనిషిని పట్టుదల లేదనడం అన్యాయం. మీకు కరువైనవి రెండే: తీరిక, వేళకు తిండి.

ముందు లివర్ సంగతి. ఫ్యాటీ లివర్ అనగానే తాగుడు గుర్తొస్తుంది కానీ మన ప్రాంతంలో ఇప్పుడు దీనికి ఎక్కువగా కారణమవుతున్నవి పొట్ట చుట్టూ పేరుకునే కొవ్వు, పిండిపదార్థాలు ఎక్కువైన తిండి, గంటల కొద్దీ కూర్చోవడం. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ హాస్పిటల్స్ పరిశోధకులు కలిసి ఇక్కడి ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించారు. ఆ ఫలితాలు 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో వచ్చాయి. 84 శాతం మంది కాలేయంలో కొవ్వు చేరి ఉంది. 71 శాతం మందికి ఊబకాయం. ఆ ఏడాది జులైలో కేంద్ర ఆరోగ్య మంత్రి లోక్‌సభలో ఇచ్చిన జవాబులోనూ ఈ లెక్కలున్నాయి. మీ ఆఫీసులో మీ వరుసలో కూర్చునే చాలామందికి ఇదే రిపోర్టు వచ్చి ఉంటుంది, పైకి చెప్పుకోరంతే.

ధైర్యం చెప్పే మాట ఏమిటంటే, ఈ దశలో కాలేయం తిరిగి కోలుకుంటుంది. ఒంటి బరువులో అయిదు శాతం తగ్గినా అక్కడి కొవ్వు తగ్గుతుంది, ఏడు నుంచి పది శాతం తగ్గితే వాపు కూడా నెమ్మదిస్తుంది. మీ లెక్కన మొదటి మెట్టు నాలుగు కిలోలు. మూడు నాలుగు నెలల్లో తగ్గితే చాలు. పెళ్లినాటి బరువును మనసులోంచి తీసేయండి.

మొదట మార్చాల్సింది రాత్రి భోజనం వేళ. కాల్ అయ్యాక పదిన్నరకు తినే మనిషి ఆకలితో తినదు, అలసటతో తింటుంది. గిన్నెలో మిగిలిన అన్నం, అడుగున ఉన్న పప్పు, పారేయడానికి మనసొప్పని సగం చపాతీ, అన్నీ ఆ కంచంలోకే వస్తాయి. ఇంటికి రాగానే కాళ్లు చేతులు కడుక్కుని పిల్లలతో పాటే కూర్చోండి. ఎనిమిదికల్లా తినడం అయిపోవాలి. కాల్ తర్వాత పల్చని మజ్జిగ తప్ప ఇంకేమీ వద్దు.

అన్నం మానేయొద్దు, కొలవండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో 2000 క్యాలరీల మనిషికి రోజు మొత్తానికి వండకముందు తూకంలో 250 గ్రాముల ధాన్యం, 400 గ్రాముల కూరగాయలు, 85 గ్రాముల పప్పు లేదా గుడ్డు, మాంసం, 300 మిల్లీలీటర్ల పాలు సూచించారు. కూర ధాన్యం కంటే ఎక్కువ ఉండడం గమనించండి. మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు: కంచం నిండా అన్నం, అంచున గరిటెడు వేపుడు. మీకు బరువు తగ్గాలి కనుక ధాన్యం ఇంకా దిగాలి, కూర మాత్రం దిగకూడదు. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, తోటకూర, ఏదైనా సరే సగం కంచం అదే. గట్టి పప్పో రెండు గుడ్లో పావు వంతు. మిగిలిన పావు అన్నం లేదా జొన్నరొట్టె. పిల్లలు వదిలేసినవి తినడం ఈ రోజు నుంచే ఆపేయండి. ఉదయం మీకంటూ ఒక పెసరట్టు వేసుకుని తిని బయల్దేరితే సాయంత్రం అయిదింటికి కెఫెటేరియాలో సమోసా అంతగా లాగదు. ఆ వేళకి బ్యాగులో శనగల గుగ్గిళ్లు ఉంచుకోండి.

జిమ్ ఇప్పుడే వద్దు. మధ్యాహ్నం తిన్న వెంటనే పదిహేను నిమిషాలు క్యాంపస్ లోపలే నడవండి, భోజనం తర్వాతి నడక రక్తంలో చక్కెరను అదుపు చేస్తుంది. సాయంత్రం క్యాబ్‌ను గేటు దాకా రానివ్వకుండా రాయదుర్గం మెట్రో దగ్గర ఎక్కితే ఇంకో పదిహేను నిమిషాలు కలుస్తాయి. వారానికి 150 నిమిషాలు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కనీస లెక్క. రోజూ ఈ రెండు నడకలతో మీకది అందుతుంది. వారంలో రెండు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం చేయండి. కండ కరిగిపోకుండా కాపాడేది ఇదే.

ఇక అసలు మాట. ఈ పేరా మీవారికి చదివి వినిపించండి. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి 15–59 ఏళ్ల ఆడవాళ్లు రోజుకు సగటున 305 నిమిషాలు పెడుతున్నారు. మగవాళ్లు గంటన్నర లోపే. బాబూ, మీ ఇద్దరివీ ఉద్యోగాలే. వారానికి మూడు పొద్దుటలు బాక్సులు మీరు కట్టండి. ఆమె కాల్‌లో ఉన్నప్పుడు పిల్లల్ని మీరు పడుకోబెట్టండి. ఆమెకు రోజుకు నలభై నిమిషాలు దొరికితే లివర్ బాగుపడుతుంది. అవి దొరక్కపోతే నేను రాసిన కొలతలన్నీ వృథా.

అమ్మా, థైరాయిడ్ పరీక్ష, షుగర్ తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఒకసారి చేయించుకోండి. నెలసరి సరిగా రాకపోతే గైనకాలజిస్టును కలవండి. బరువు దిగకుండా అడ్డుపడేవి వీటిలోనూ ఉంటాయి.

ప్రశ్న: వయసు 41. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పని. వారంలో మూడు రాత్రులు రెండింటి దాకా కాల్స్, టీమ్ అంతా కలిసి బిర్యానీ ఆర్డర్ పెడతాం. ఆదివారాలు ఔటర్ రింగ్ రోడ్డు పక్క సైకిల్ ట్రాక్ మీద 40 కిలోమీటర్లు తొక్కుతాను. రెండేళ్లుగా బరువు 88 దగ్గరే ఆగింది. గురక ఎక్కువైందని మా ఆవిడ గోల.
— పాఠకుడు, నానక్‌రామ్‌గూడ

జవాబు: ఆదివారం సైకిల్ మానకండి. 2023 అక్టోబర్‌లో తెరిచిన ఆ 23 కిలోమీటర్ల ట్రాక్, పైన సోలార్ పలకల నీడతో, మన ఎండలకు దొరికిన మంచి సదుపాయం. గుండెకు, మోకాళ్లకు మేలు. కానీ వారానికొకసారి తొక్కి మూడు అర్ధరాత్రుల బిర్యానీని కరిగించడం ఎవరి వల్లా కాదు. బరువును ఎక్కువగా దించేది తిండి, దిగిన బరువును నిలబెట్టేది వ్యాయామం.

కాల్ ఉన్న రాత్రి ఎనిమిదిన్నరకు ఇంట్లో భోజనం చేయండి. నడిరాత్రి ఆకలేస్తే ఉడికించిన గుడ్లో, వేయించిన శనగలో, ఒక పండో. బిర్యానీ నెలకు రెండుసార్లు ఇంటిల్లిపాదీ పగటిపూట కూర్చుని ఇష్టంగా తినండి. ఎవరూ వద్దనరు. నిద్ర ఆరు గంటలకు తగ్గితే మర్నాడు ఆకలి పెరుగుతుంది, తీపి మీదికి మనసు పోతుంది. కనుక ఆ మూడు రోజులూ పొద్దున ఎనిమిదిన్నర దాకా పడుకునే ఏర్పాటు మీ మేనేజరుతో మాట్లాడి చేసుకోండి.

మీ ఆవిడ మాట గోల అనుకోవద్దు. గురక మధ్యలో ఊపిరి ఆగి మళ్లీ అందుకుంటున్నట్టు ఆమె గమనిస్తే స్లీప్ ఆప్నియా పరీక్ష వెంటనే చేయించుకోవాలి. దాంతో బీపీ పెరుగుతుంది, డ్రైవింగ్‌లో కునుకు పడుతుంది. రేపే టేపుతో బొడ్డు దగ్గర నడుము కొలవండి. మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే ప్రమాదం మొదలైనట్టే, కాంటా మీద అంకె ఎంత చూపించినా సరే.

ప్రశ్న: మా ఆఫీసులో ఇద్దరు బరువు తగ్గే ఇంజెక్షన్ తీసుకుని బాగా సన్నబడ్డారు. నాకు 29 ఏళ్లు, బరువు 68, ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. మరుసటి ఏడు బిడ్డ కోసం అనుకుంటున్నాం. ఈలోగా వేయించుకోనా? వాట్సాప్‌లో తక్కువ ధరకు ఇస్తామంటున్నారు.
— పాఠకురాలు, మియాపూర్

జవాబు: వద్దమ్మా. ఈ ఇంజెక్షన్లలో మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. షుగర్, గుండె జబ్బు ముప్పుతో పాటు ఊబకాయం ఉన్న చాలామందికి అవి నిజంగా మేలు చేస్తున్నాయి. వాటిని తప్పుపట్టను. అయితే మామూలుగా ఎత్తును, బరువును కలిపి చూసే బీఎంఐ లెక్క 30, ఆపైన ఉన్నవాళ్లకు, లేదా 27 ఉండి తోడు జబ్బులున్నవాళ్లకు రాసే మందులవి. మీది 27 లోపే. గర్భం కోసం ప్రయత్నించడానికి రెండు నెలల ముందే వీటిని ఆపేయాలి. ఆపాక తిండి అలవాటు మారకపోతే బరువు తిరిగొస్తుంది. ఫ్రిజ్ చల్లదనంలో ఉండాల్సిన ఇంజెక్షన్ వాట్సాప్‌లో ఎవరో పంపితే అందులో ఏముందో ఎవరికి తెలుసు? మీకు నాలుగైదు కిలోలు తగ్గితే చాలు, పైన కొండాపూర్ సోదరికి చెప్పినవి మీకూ సరిపోతాయి. ఆ డబ్బుతో రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని గైనకాలజిస్టును కలవండి.

ప్రశ్న: నాకు 63. మనవల్ని చూసుకోవడానికి తెనాలి నుంచి వచ్చి మూడేళ్లయింది. కొడుకు, కోడలు ఇద్దరూ డైటింగ్ అంటున్నారు. ఒకరు అన్నం వద్దంటారు, ఇంకొకరు నూనె వద్దంటారు. ఎనిమిదేళ్ల మనవడు కూడా లావవుతున్నాడు, వాడికి నెయ్యి మాన్పించమంటోంది కోడలు. నాకు షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. ఏం వండాలో తెలియక కర్రీ పాయింట్ నుంచి తెప్పించేస్తున్నాను.
— ఒక నానమ్మ, తెల్లాపూర్

జవాబు: అమ్మగారూ, ఈ ఇంటి ఆరోగ్యం మీ చేతిలో ఉంది. మీకొచ్చిన వంటే దానికి మందు. ఎవరికోసమూ విడివిడిగా వండకండి. అందరికీ ఒకే వంట, కంచంలో వడ్డించే కొలతలే వేరు.

కర్రీ పాయింట్ వేపుడు ఒకసారి ప్లేటులోకి వంపి చూడండి, అంచున నూనె ఎలా చేరుతుందో కనిపిస్తుంది. మీ బీరకాయ పప్పు, ఆనపకాయ పులుసు, గోంగూర, ముద్దకూర దానికంటే ఎన్నో రెట్లు నయం. వారానికి రెండు పూటలు జొన్నరొట్టెలో రాగి సంకటో చేయండి. నూనెను పూటపూటా కొలవలేం, నెల లెక్క చూసుకోండి. పోషకాహార సంస్థ సూచన మనిషికి రోజుకు 27 గ్రాములు, నెయ్యితో కలిపి. పిల్లలతో సహా అయిదుగురుండే మీ ఇంటికి నెలంతటికీ నాలుగు లీటర్లు దాటకూడదు. ఖాళీ అయ్యే ప్యాకెట్లు లెక్కపెడితే మీకే తెలుస్తుంది. ఆ లెక్కలోనే పప్పులో చెంచాడు నెయ్యీ ఇమిడిపోతుంది, కోడలు పిల్లకు ఈ మాట నేను చెప్పానని చెప్పండి.

మనవడికి డైటింగ్ వద్దేవద్దు. ఎదిగే పిల్లాడు, పప్పు, గుడ్డు, పెరుగు, నెయ్యి తినాలి. తగ్గాల్సినవి వేరే. బిస్కెట్లు, ప్యాకెట్ జ్యూస్, టీవీ ముందు చిప్స్. స్కూల్ నుంచి రాగానే ఉడికించిన పల్లీలో అటుకుల ఉప్మానో పెట్టి కిందికి ఆడుకోవడానికి పంపండి. ఈ వయసు పిల్లలకు రోజుకు గంటసేపు చెమట పట్టే ఆట కావాలి. అపార్ట్‌మెంట్‌లో కార్లకు వదిలిన చోటులో సగం పిల్లలకు వదిలి ఉంటే ఈ ఉత్తరాలు ఇన్ని వచ్చేవి కావు. అసోసియేషన్ మీటింగులకు వెళ్లే తండ్రులు ఈ సంగతి అక్కడ గట్టిగా అడగాలి. సెలవు రోజున మీ అబ్బాయిని పిల్లాడితో కలిసి కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కు పంపండి. చెట్ల కింద నడకబాట ఉంది, తండ్రికీ కొడుక్కీ పనికొస్తుంది.

చివరిగా మీ సంగతి. అందరితో పాటు మీరూ అన్నం తగ్గిస్తే మాత్రల మోతాదు కూడా మార్చాల్సి రావచ్చు. పాత మోతాదు మింగి తిండి తగ్గిస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరగొచ్చు. ఇంట్లో మీరొక్కరే పిల్లలతో ఉండే వేళ అది జరగకూడదు. అందుకని కంచం మార్చేముందే డాక్టరును కలవండి. ఈ వారం మీ అబ్బాయిని సెలవు పెట్టి తీసుకెళ్లమనండి.